గడ్డను కరగనివ్వని ప్రోటీన్లు: ప్లాస్మాలో, ప్లేట్‌లెట్లలో కొలిచే పద్ధతి

గడ్డను కరగనివ్వని ప్రోటీన్లలో ఒకటి పీఏఐ-1. రక్తంలో ఉన్న పీఏఐ-1లో తొంభై శాతానికి పైగా ప్లేట్‌లెట్ల లోపలే ఉంటుంది. ప్లాస్మాలో తిరిగేది మిగిలిన కాస్తే. ప్లాస్మా విడదీసేటప్పుడు పదో వంతు ప్లేట్‌లెట్లు మిగిలిపోయి ఫ్రీజర్‌లో పగిలినా చాలు, రిపోర్టులో అంకె ఇంచుమించు రెట్టింపు కావచ్చు. డాక్టరుగారు దాన్ని చూసి పేషెంటుకు గడ్డలు కట్టే గుణం ఉందనుకుంటారు. తప్పు కిట్‌ది కాదు, సెంట్రిఫ్యూజ్ దగ్గర జరిగింది. అందుకే ఇక్కడ కిట్ల గురించి తక్కువ, ట్యూబు గురించి ఎక్కువ ఉంటుంది. తిరుపతి, చిత్తూరు ల్యాబుల్లో ఎండ, కరెంటు, దూరం మూడింటినీ లెక్కలోకి తీసుకుని చేయాల్సిన పని ఇది.

కొలిచేది దేన్ని

గడ్డను పట్టి ఉంచే ఫైబ్రిన్ అనే పీచును కోసి కరిగించేది ప్లాస్మిన్. ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మార్చేది టీపీఏ అనే ఎంజైమ్. ఈ బండికి ముఖ్యమైన బ్రేకులు మూడు. పీఏఐ-1 టీపీఏనే పట్టేసి, ప్లాస్మిన్ తయారు కాకుండా ఆపుతుంది. ఆల్ఫా-2 యాంటీప్లాస్మిన్ తయారైన ప్లాస్మిన్‌ను పట్టుకుంటుంది. టాఫి ఫైబ్రిన్ చివర ఉండే లైసిన్లను (ఒక రకం అమైనో ఆమ్లాలను) కత్తిరించి, ప్లాస్మినోజెన్‌కు, టీపీఏకు ఆనుకునే చోటు లేకుండా చేస్తుంది.

ఆల్ఫా-2 యాంటీప్లాస్మిన్ కాలేయంలో తయారవుతుంది. లీటరు ప్లాస్మాలో సుమారు 70 మిల్లీగ్రాములు, అంటే ఒక మైక్రోమోలార్ దగ్గర ఉంటుంది. ప్లాస్మినోజెన్ దానికి దాదాపు రెట్టింపు. అందుకే ప్లాస్మినోజెన్ మొత్తం ఒక్కసారిగా రేగితే ఈ బ్రేకు ముందుగా అరిగిపోతుంది. దీన్ని 1976లో మూడు బృందాలు విడివిడిగా గుర్తించాయి. అంతకుముందు దాని పనంతా ఆల్ఫా-2 మాక్రోగ్లోబ్యులిన్ అనే మరో ప్రోటీన్ ఖాతాలో రాసేవారు. ఆ గొడవ నేటికీ పరీక్షలో మిగిలే ఉంది, కింద చెప్తాం.

పీఏఐ-1తో చిక్కు వేరు. అది తనంతట తానే ముడుచుకుని పనిచేయని రూపంలోకి జారిపోతుంది. 37 డిగ్రీల దగ్గర ఒకటి రెండు గంటల్లో సగం చురుకుతనం పోతుంది. విట్రోనెక్టిన్ అనే ప్లాస్మా ప్రోటీన్ అతుక్కుని ఉంటే కాస్త నిలబడుతుంది. యాంటీబాడీతో పట్టి ప్రోటీన్ (యాంటిజెన్) మొత్తం ఎంతుందో చూసే ఎలైజా అలా ముడుచుకున్నదాన్ని కూడా లెక్కపెడుతుంది కానీ, పనిచేసేదాన్నే చూసే యాక్టివిటీ పరీక్షకు అది కనపడదు. మే నెలలో బెంచీ మీద వదిలేసిన ట్యూబులో రెండు తప్పులు ఒకేసారి జరుగుతాయి: ప్లేట్‌లెట్లు కారి యాంటిజెన్ అంకె పైకి పోతుంది, వేడికి యాక్టివిటీ అంకె కిందికి పోతుంది. రెండు రిపోర్టులు ఒకదానికొకటి పొసగకపోతే ముందు అనుమానించాల్సింది ఈ ట్యూబునే.

రక్తం తీసే వేళ, మనిషి

పీఏఐ-1 తెల్లవారుజామున, ఉదయాన ఎక్కువగా ఉంటుంది, సాయంత్రానికి తగ్గుతుంది. కాబట్టి ఉదయం 8 నుంచి 10 లోపు, పరగడుపున తీయాలి. ఫాలో-అప్ శాంపిల్ కూడా అదే వేళకు తీయాలి. మొదటిది ఉదయం, రెండోది సాయంత్రం ఓపీలో తీసి ‘మందుకు తగ్గింది’ అనడం గడియారానికి మందు పేరు పెట్టడమే.

మనిషి 20 నిమిషాలు కదలకుండా కూర్చున్నాకే సూది వేయాలి. శ్రమ చేస్తే రక్తనాళాల గోడల నుంచి టీపీఏ బయటికి వస్తుంది, వచ్చినది పీఏఐ-1ను పట్టి ఖర్చు చేస్తుంది. మన ఊళ్లో ఇది మాటవరసకు చెప్పే జాగ్రత్త కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి దర్శనం చేసుకుని నేరుగా ల్యాబుకు వచ్చేవాళ్లు ఉంటారు. అడగండి. నడిచి ఎక్కామంటే ఆ రోజు తీయకుండా మర్నాడు రమ్మనండి. టోర్నికేట్ బిగించి నరం కోసం వెతుకుతూ కూర్చున్నా ఇదే జరుగుతుంది. ఒక నిమిషం దాటితే విప్పి, రెండో చెయ్యి చూడండి.

ఫారంలో ఇవి రాసి ఉండాలి: గర్భం, ఎన్నో నెల; షుగరు; ట్రైగ్లిజరైడ్లు; జ్వరం లేదా ఇన్ఫెక్షన్; గడ్డ కరగకుండా ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ వాడారా; గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారా. గర్భిణుల్లో పీఏఐ-1 నెలలు నిండే కొద్దీ పెరుగుతుంది, మాయ నుంచి పీఏఐ-2 కూడా వచ్చి చేరుతుంది. ఆ సంగతి తెలియకుండా మామూలు రేంజితో పోల్చి ‘హై’ అని ఎర్ర సిరాతో రాస్తే ఒక ఇంటిల్లిపాదీ భయపడతారు.

ట్యూబు

నీలం మూత, 3.2 శాతం సిట్రేట్. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్. నల్ల మూత ఈఎస్ఆర్ ట్యూబులోనూ సిట్రేటే ఉంటుంది కానీ అక్కడ నాలుగు పాళ్లకు ఒక పాలు. తొందరలో అది తీసుకుంటే ప్లాస్మా పలచబడి అన్ని అంకెలూ పడిపోతాయి. సీరం ట్యూబు అసలే పనికిరాదు. గడ్డ కట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు తమ సరుకంతా అందులోకే వదులుతాయి, సీరంలో పీఏఐ-1 ప్లాస్మాకు ఎన్నో రెట్లు కనబడుతుంది.

ప్లేట్‌లెట్లను రేగనివ్వని సీటీఏడీ ట్యూబులు దొరికితే అవే వాడండి. సిట్రేట్‌తో పాటు థియోఫిలిన్, అడెనోసిన్, డైపిరిడమోల్ ఉండే ట్యూబులవి. వెలుతురుకు పాడవుతాయి, పెట్టెలోనే ఉంచాలి. టీపీఏ యాక్టివిటీ కూడా కావాలంటే ఆమ్లం కలిపిన సిట్రేట్ ట్యూబు వేరే తీసుకోవాలి. మామూలు సిట్రేట్‌లో టీపీఏ, పీఏఐ-1 ట్యూబులోనూ ఒకదాన్నొకటి పట్టుకుంటూనే ఉంటాయి.

21 గేజ్ సూది వాడండి. మొదటి 2–3 మి.లీ. వేరే ట్యూబులోకి పోనిచ్చి, తర్వాతిది వాడండి. గీత దాకా నిండాలి, పదో వంతుకు మించి తగ్గితే పారేయండి. నాలుగైదు సార్లు నెమ్మదిగా తలకిందులు చేయండి. ఊపకండి.

హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం) 55 దాటితే సిట్రేట్ తగ్గించాలి. లెక్క ఇది: 100లోంచి హెమటోక్రిట్ తీసేసి, దాన్ని రక్తం మి.లీ.లతో గుణించి, 0.00185తో గుణిస్తే కావాల్సిన సిట్రేట్ మి.లీ.లలో వస్తుంది. హెమటోక్రిట్ 60, రక్తం 4.5 మి.లీ. అయితే 0.33 మి.లీ. మామూలు ట్యూబులో 0.5 ఉంటుంది కాబట్టి 0.17 మి.లీ. ముందే సిరంజితో తీసేయాలి. అలా సూదితో తీస్తే వాక్యూమ్ పోతుంది గనుక రక్తాన్ని సిరంజితో తీసి పోయండి.

ఐసు: ఒకదానికి కావాలి, ఇంకొకదానికి కూడదు

ఒకే మనిషి నుంచి ప్లాస్మాకూ ప్లేట్‌లెట్లకూ తీస్తున్నప్పుడు ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ప్లాస్మా ట్యూబు వెంటనే ఐసులోకి పోవాలి. ప్లేట్‌లెట్ ట్యూబు ఐసు మొహం కూడా చూడకూడదు. చల్లబడితే ప్లేట్‌లెట్లు ఆకారం మార్చుకుని, రేగి, కడిగే లోపే సరుకు వదిలేస్తాయి. దానికి 22 నుంచి 25 డిగ్రీల ఏసీ గది చాలు. ట్యూబుల మీద ‘ఐసు’, ‘గది’ అని ముందే మార్కర్‌తో రాసి పెట్టుకోండి.

ఐసు అంటే నలగ్గొట్టిన ఐసులో కొంచెం నీళ్లు. ఫ్రీజర్‌లోంచి తీసిన జెల్ ప్యాక్‌కు ట్యూబు ఆనితే అంచున రక్తం మంచులా గట్టిపడి ఎర్ర కణాలు పగులుతాయి. ఆ ఎరుపు తర్వాత 405 నానోమీటర్ల దగ్గర రీడింగును తినేస్తుంది.

తిప్పడం

‘మూడు వేల ఆర్‌పీఎం, పది నిమిషాలు’ అని గోడ మీద అంటించి ఉంటుంది. ఆ మాటకు అర్థం సెంట్రిఫ్యూజ్‌ను బట్టి మారిపోతుంది. అసలు కావాల్సింది జి బలం, అంటే భూమి లాగే బలానికి ఎన్ని రెట్లు అన్నది. మధ్య ఇరుసు నుంచి ట్యూబు అడుగు దాకా సెంటీమీటర్లలో కొలిచి, దాన్ని ఆర్‌పీఎం వర్గంతో గుణించి, 0.00001118తో గుణించండి. 16 సెంటీమీటర్ల రోటర్‌లో 3,000 ఆర్‌పీఎం అంటే 1,610 జి. పది సెంటీమీటర్ల చిన్న బల్ల మిషన్‌లో అదే 3,000 అంటే 1,006 జి మాత్రమే. మనకు 2,500 జి కావాలి, 16 సెంటీమీటర్ల రోటర్‌కు అది సుమారు 3,740 ఆర్‌పీఎం.

రక్తం తీసిన గంట లోపు, వీలైతే అరగంట లోపు, 4 డిగ్రీల దగ్గర 2,500 జి, 15 నిమిషాలు, బ్రేకు లేకుండా తిప్పండి. ప్లాస్టిక్ పిపెట్‌తో పైనుంచి తీస్తూ, తెల్ల పొరకు అర సెంటీమీటరు పైన ఆగిపోండి. ఆ అర సెంటీమీటరు మీద ఆశ పడకండి. తీసిన ప్లాస్మాను కొత్త ప్లాస్టిక్ ట్యూబులో పోసి అదే బలంతో రెండోసారి తిప్పి, అడుగున పావు మి.లీ. వదిలేయండి. ఇప్పుడు ఒక చుక్క సెల్ కౌంటర్‌లో పెట్టండి. మైక్రోలీటరుకు 10,000 లోపు ప్లేట్‌లెట్లు ఉండాలి. అయితే ఆ తక్కువ స్థాయిలో కౌంటర్లు అంత నమ్మకంగా చెప్పవు. అందుకే రెండోసారి తిప్పడాన్ని కౌంట్ బాగుందని మానేయొద్దు.

అర మి.లీ. చొప్పున పంచి, మూత బిగించి, మైనస్ 70 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి. కరిగించేటప్పుడు 37 డిగ్రీల వాటర్‌బాత్‌లో 5 నిమిషాలు. గది వేడికి నెమ్మదిగా కరగనిస్తే తెల్లటి పీచు తేలుతుంది, అందులో ఫైబ్రినోజెన్ (ఫైబ్రిన్‌గా మారే ప్రోటీన్) పోతుంది. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు.

చిత్తూరు నుంచి తిరుపతికి సుమారు 70 కిలోమీటర్లు. రక్తం ట్యూబును అలాగే బస్సులో పంపితే గంట గడువు దారిలోనే దాటిపోతుంది. చిత్తూరులోనే రెండుసార్లు తిప్పి, ప్లాస్మాను ఫ్రీజర్‌లో గట్టిపరిచి, డ్రై ఐసులో పంపాలి. ఫ్రీజర్‌లో గట్టిపడ్డ ప్లాస్మా మామూలు ఐసు మీద దారిలోనే కరుగుతుంది, చేరాక మళ్లీ ఫ్రీజర్‌లో పెడతారు, ఎవరికీ తెలియదు. డ్రై ఐసులో ఇంకో మెలిక ఉంది: మూత సరిగ్గా బిగియకపోతే కార్బన్ డయాక్సైడ్ లోపలికి దూరి ప్లాస్మా పుల్లబడుతుంది, పీహెచ్ పడిపోతుంది. స్క్రూ మూత ట్యూబులే వాడండి. థర్మోకోల్ పెట్టెకు గాలి పోయే సందు ఉంచండి, కారు అద్దాలు కాస్త దించండి.

కరెంటు పోయిందా లేదా తెలియని రాత్రుల కోసం ఒక పాత చిట్కా. కప్పులో నీళ్లు గడ్డ కట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తెల్లారి బిళ్ల అడుగున ఉంటే శాంపిళ్లు కరిగి మళ్లీ గట్టిపడ్డట్టే.

ప్లేట్‌లెట్లు తీయడం

సిట్రేట్‌లో 18 మి.లీ. రక్తం చాలు. గది వేడిలో, బ్రేకు తీసేసి, 150 నుంచి 200 జి దగ్గర 15 నిమిషాలు. పైన చెప్పిన 16 సెంటీమీటర్ల రోటర్‌కు 150 జి అంటే 916 ఆర్‌పీఎం, 200 జి అంటే 1,057. పైన మబ్బుగా ఉన్న ప్లాస్మాలో పై మూడింట రెండొంతులే తీయండి. కింది వంతులో తెల్ల కణాలు ఉంటాయి. వాటిలోని ఎలాస్టేస్ అనే ఎంజైమ్ పీఏఐ-1నూ ఆల్ఫా-2 యాంటీప్లాస్మిన్‌నూ కొరికేస్తుంది, అంకె తగ్గుతుంది.

తీసిన 9 పాళ్లకు 1 పాలు ఏసీడీ (ఆమ్లం, సిట్రేట్, డెక్స్‌ట్రోజ్ ఉన్న ద్రావణం) కలిపి పీహెచ్ 6.5 దగ్గరకు తెండి. ప్లేట్‌లెట్లను రేగనివ్వని ప్రోస్టాగ్లాండిన్ ఈ1 ఒక మైక్రోమోలార్ ఉండేలా వేయండి. 1,000 జి, 10 నిమిషాలు. పై ద్రవం పూర్తిగా వంపేసి, గోడలకు అంటిన తడిని టిష్యూతో అద్దండి. అది ప్లాస్మా, అందులోనూ పీఏఐ-1 ఉంది. కాల్షియం లేని టైరోడ్ బఫర్‌లో, ఏసీడీ కలిపి, రెండుసార్లు కడగండి. పెల్లెట్‌ను పిపెట్‌తో గట్టిగా కొట్టకండి. ముందు అర మి.లీ. బఫర్ మీద మెల్లగా తిప్పుతూ వదులు చేసి, తర్వాత మిగతాది పోయండి. ఉండలు కట్టి విడివడకపోతే ప్లేట్‌లెట్లు రేగిపోయినట్టే. ఆ శాంపిల్‌ను రక్షించే ప్రయత్నం చేయకుండా మళ్లీ రక్తం తీయడమే మేలు.

కౌంట్ చేసి మి.లీ.కు 3 × 10⁸ ఉండేలా సర్దండి. కౌంటర్ మీద అది మైక్రోలీటరుకు మూడు లక్షలు. ప్లేట్‌లెట్లను పగలగొట్టడానికి, 950 మైక్రోలీటర్లకు ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ 10 శాతం ద్రావణం 50 మైక్రోలీటర్లు కలిపి, ఐసు మీద 30 నిమిషాలు ఉంచి, 4 డిగ్రీల దగ్గర 10,000 జి, 10 నిమిషాలు తిప్పి, పైది తీసుకోండి. ప్లేట్‌లెట్లకు ఐసు తగిలేది ఇదే మొదటిసారి. ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ వాడొద్దు: అది ముడుచుకుపోయిన పీఏఐ-1ను మళ్లీ లేపి కూర్చోబెడుతుంది, యాక్టివిటీ ఉన్నదానికంటే ఎక్కువ కనబడుతుంది. యాక్టివిటీ చూడాలనుకుంటే పీఎంఎస్ఎఫ్ ఉన్న ఇన్హిబిటర్ మిశ్రమాలూ కూడదు. అవి పరీక్షలో వేసే టీపీఏనూ ప్లాస్మిన్‌నూ చంపేస్తాయి.

ఎలైజాకు కనీసం పది రెట్లు పలచన చేయండి, ట్రైటాన్ ప్రభావం తగ్గుతుంది. స్టాండర్డ్లలోనూ అంతే ట్రైటాన్ వేయండి. లెక్క ఇలా: ప్లేటు మీద 18 నానోగ్రాములు వచ్చింది, పది రెట్లు పలచన, కాబట్టి మి.లీ.కు 180. ట్రైటాన్ కలిపాక ప్లేట్‌లెట్లు 3 కాదు, 2.85 × 10⁸. జవాబు 10⁸ ప్లేట్‌లెట్లకు 63 నానోగ్రాములు. 60 అని రాసేవాళ్లు ఆ 50 మైక్రోలీటర్లను మరిచిపోయారు.

ప్లేట్‌లెట్లలో పీఏఐ-1 యాంటిజెన్ ఎంత ఉన్నా యాక్టివిటీ దానికి తగ్గట్టు ఉండదు. చాలా భాగం ముడుచుకున్న రూపంలోనే దొరుకుతుంది. అయినా గడ్డ మధ్యలో ఒకేచోట కుమ్మరిస్తాయి కాబట్టి, ప్లేట్‌లెట్లు దట్టంగా ఉన్న గడ్డ టీపీఏకు అంత తేలిగ్గా లొంగదు.

పరీక్షలు

పీఏఐ-1 యాక్టివిటీలో సూత్రం ఒకటే: ప్లాస్మాకు తెలిసినంత టీపీఏ ఎక్కువగా కలపడం, ఎంత మిగిలిందో చూడడం. ఒక యూనిట్ పీఏఐ ఒక అంతర్జాతీయ యూనిట్ టీపీఏను ఆపుతుంది. మధ్యలో ఆమ్లం వేసే మెట్టు ఉంటే దాటేయకండి. ఆల్ఫా-2 యాంటీప్లాస్మిన్‌ను చంపేది అదే. లేకపోతే చివర్లో పుట్టిన ప్లాస్మిన్‌ను అది మింగేసి, పీఏఐ-1 ఎక్కువ ఉన్నట్టు చూపిస్తుంది. ఇంకో సంగతి: ఆరోగ్యవంతుల్లోనూ యాక్టివిటీ సున్నా దగ్గర ఉండొచ్చు. కాబట్టి యాక్టివిటీ ఒక్కటే చూసి ‘లోపం’ అనకూడదు, యాంటిజెన్ కూడా కావాలి. పీఏఐ-1 జన్యువులో 4జి/5జి అనే తేడా చూసే పరీక్ష అడుగుతుంటారు. అది ఈ కొలతకు బదులు కాదు.

ఆల్ఫా-2 యాంటీప్లాస్మిన్‌కు పలచన చేసిన ప్లాస్మాలో ప్లాస్మిన్ ఎక్కువగా వేసి, మిగిలినదాన్ని ప్లాస్మిన్ కోస్తే రంగు వదిలే సబ్‌స్ట్రేట్‌తో 405 నానోమీటర్ల దగ్గర చదువుతాం. బఫర్‌లో మిథైలమైన్ ఉందో లేదో చూడండి. పైన చెప్పిన పాత గొడవ ఇదే: ఆల్ఫా-2 మాక్రోగ్లోబ్యులిన్ ఈ అంకెలో కలవకుండా మిథైలమైన్ దాన్ని అడ్డుకుంటుంది. కామెర్లున్న ప్లాస్మా, కొవ్వుతో తెల్లబడ్డ ప్లాస్మా అయితే సబ్‌స్ట్రేట్ లేని బ్లాంక్ విడిగా పెట్టండి. మామూలు రేంజి ఇంచుమించు 80 నుంచి 120 శాతం. కాలేయ జబ్బులో, డీఐసీలో (ఒళ్లంతా చిన్న చిన్న గడ్డలు కట్టే స్థితిలో), గడ్డ కరిగించే మందు ఇచ్చాక తగ్గుతుంది. ఆ మందు ఇచ్చినవాళ్ల ట్యూబులో ప్లాస్మిన్‌ను ఆపే అప్రోటినిన్ లేకపోతే కరిగే పని ట్యూబులోనూ సాగుతూనే ఉంటుంది. మన వైపు పొలాల్లో రక్తపింజరి కాటు కేసుల్లోనూ ఈ బ్రేకు అరుగుతుందేమో చూడాలనిపించడం సహజం. కానీ ఆ వేళ చేయాల్సింది గాజు ట్యూబులో 20 నిమిషాల గడ్డ పరీక్ష, యాంటీవెనమ్. ఈ రిపోర్టు కోసం ఏదీ ఆగకూడదు.

టాఫి గురించి ఒక్క మాట: కొన్ని ఎలైజాల్లో 325వ స్థానంలోని అమైనో ఆమ్లం తేడాను బట్టి యాంటీబాడీ పట్టు మారుతుంది. అంకె తక్కువ వస్తే మనిషిలో తక్కువో, యాంటీబాడీకి కనపడలేదో తేలదు.

అందుకే మొత్తం గడ్డ కరిగే వేగాన్ని చూసే పరీక్ష ఒకటి పక్కన ఉండడం మంచిది. 96 గుంటల ప్లేటులో 50 మైక్రోలీటర్ల ప్లాస్మా, 50 మైక్రోలీటర్ల మిశ్రమం. చివరి మోతాదులు: కాల్షియం క్లోరైడ్ 17 మిల్లీమోలార్, ఫాస్ఫోలిపిడ్లు 10 మైక్రోమోలార్, గడ్డను మొదలుపెట్టే టిష్యూ ఫ్యాక్టర్ రీయేజెంట్ వెయ్యి రెట్ల పలచన, టీపీఏ మి.లీ.కు 56 నానోగ్రాములు. మిశ్రమంలో అన్నీ రెట్టింపు ఉండాలి. మి.లీ.కు 1 మిల్లీగ్రాము ఉన్న ఆల్టెప్లేజ్‌ను (మందుగా దొరికే టీపీఏ) ముందు వంద రెట్లు పలచన చేసి, అందులోంచి 11.2 మైక్రోలీటర్లు ఒక మి.లీ. మిశ్రమానికి వేస్తే 112 నానోగ్రాములు వస్తుంది. బఫర్‌లో ఒక శాతం ఆల్బుమిన్ లేకపోతే టీపీఏ ప్లాస్టిక్ గోడలకే అంటుకుపోతుంది, గడ్డలు కరగవు, పేషెంట్లందరికీ ఇన్హిబిటర్లు ఎక్కువున్నట్టు కనబడుతుంది.

37 డిగ్రీల దగ్గర అరనిమిషానికోసారి 405లో చదవండి. మబ్బు కమ్మడంలో సగం దగ్గర నుంచి మబ్బు విడవడంలో సగం దాకా పట్టే సమయమే కరిగే సమయం. అదే ప్లాస్మాకు ఇంకో గుంటలో టాఫిని ఆపే బంగాళదుంప ఇన్హిబిటర్ వేయండి. నిజంగా బంగాళదుంపలోంచి తీసినదే. రెండు సమయాల మధ్య తేడా టాఫి వాటా. మూత లేని ప్లేటు మన ఎండాకాలంలో రెండు మూడు గంటల్లో ఆవిరై అంచు గుంటలు పాడవుతాయి. మూత వేయండి, అంచు గుంటల్లో నీళ్లు పోయండి, రీడర్‌ను యూపీఎస్ మీద పెట్టండి. కరెంటు రెప్పపాటు పోయినా ఆ పూట చేసిందంతా వృథా.

రీడర్ లేని చోట యూగ్లోబ్యులిన్ (పలచటి ఆమ్లంలో అడుగుకు దిగే ప్లాస్మా ప్రోటీన్లు) పరీక్ష ఉంది. అర మి.లీ. ప్లాస్మాను 9.5 మి.లీ. చల్లటి నీళ్లలో పోసి, పలచటి అసిటిక్ ఆమ్లంతో పీహెచ్ 5.9కు తెచ్చి, ఐసు మీద అరగంట ఉంచండి. చల్లగా తిప్పి, పై నీళ్లు పూర్తిగా వంపి, అడుగున మిగిలిన తెల్లటిదాన్ని బోరేట్ బఫర్‌లో కరిగించి, కాల్షియంతో గడ్డ కట్టించండి. 37 డిగ్రీల దగ్గర పావుగంటకోసారి చూడండి. గంటన్నర లోపే కరిగిపోతే ఎక్కువ వేగం. పీహెచ్ మీటరు ఆ ఉదయమే సరిచూసి ఉండాలి, పీహెచ్ జరిగితే తెల్లగా అడుగుకు దిగేదీ మారిపోతుంది. ఆల్ఫా-2 యాంటీప్లాస్మిన్ చాలావరకు పై నీళ్లతోనే పోతుంది కాబట్టి దాని లోపాన్ని ఈ పరీక్ష పట్టలేదు. ఫైబ్రినోజెన్ బాగా తక్కువున్నా గడ్డ పలచగా కట్టి తొందరగా మాయమవుతుంది. కాబట్టి ఫైబ్రినోజెన్ అంకె పక్కనే ఉండాలి.

రిపోర్టులో అంకెతో పాటు రక్తం తీసిన గంట, ట్యూబు రకం, ఎన్నిసార్లు తిప్పారు, మిగిలిన ప్లేట్‌లెట్ కౌంట్, యాంటిజెనా యాక్టివిటీనా అన్నది రాయండి. ప్లేట్‌లెట్ అంకెను మి.లీ.కు కాదు, 10⁸ ప్లేట్‌లెట్లకు అని రాయండి. రేంజి కిట్ కాగితంలోంచి ఎత్తి రాయకుండా, మన చుట్టుపక్కల ఆరోగ్యంగా ఉన్న కనీసం ఇరవై మంది ప్లాస్మాను ఇదే పద్ధతిలో, ఇదే ఉదయపు వేళల్లో తీసి సరిచూసుకోండి. ఆ ఇరవై మందిలోనూ మెట్లెక్కి వచ్చినవాళ్లు ఉండకూడదు.